రేపల్లె నోటు మీద చెల్లు

మా ఇంటి పత్రాలు మా ఇంట్లో ఉండేవి కావు, బ్యాంకు బీరువాలో ఉండేవి. ఆ సంగతి మాకు తెలియనిదేం కాదు, తనఖా పెట్టి సంతకాలు చేసింది మేమే. కానీ వాయిదాలు వరుసగా తప్పి, ఇల్లు వేలానికి పెట్టాల్సి వస్తుందని నోటీసు చేతికొచ్చాకే ఆ సంతకాల బరువు తెలిసింది. అది రెండు వేల ఆరో సంవత్సరం, వానలు మొదలైన రోజులు.

తెనాలిలో ఊరి చివర ప్లాట్లలో రెండు గదులు, వంటిల్లు, ముందు వరండా. అదీ ఆ ఇల్లు. మాది దూదేకుల కుటుంబం. మా ఆయన తాతల నాటి నుంచీ బూరుగు దూది ఏకి పరుపులూ దిండ్లూ కుట్టి అమ్మడమే పని. బజారులో అద్దె కొట్టు ఉండేది. విల్లుతో ఏకే రోజులు పోయాయని, కొట్టు పేరున బ్యాంకులో ఇంకో అప్పు తీసుకుని మా ఆయన ఏకే మిషను కొన్నారు. అది వచ్చిన ఏడాదే ఫర్నిచరు షాపులవాళ్ళు కంపెనీ ఫోం పరుపులు వాయిదాల మీద ఇవ్వడం మొదలుపెట్టారు. మిషను బాగానే తిరిగేది, పరుపులు కొనేవాళ్ళే తగ్గారు.

అలా ఇంటి అప్పు, కొట్టు అప్పు ఒకే బ్యాంకులో చేరాయి. పరుపు గుడ్డ అరువిచ్చే బట్టల వ్యాపారికి బాకీ పడ్డాం. బాపట్లలో ఉండే మా ఆయన అక్క, అంటే మా వదిన, తన గాజులూ గొలుసూ కుదువపెట్టి మాకు సర్దింది. ఇవి చాలక రేపల్లెలో వడ్డీలకిచ్చే ఒక పెద్దాయన దగ్గర నూటికి రెండు రూపాయల లెక్కన మా ఆయన ప్రాంసరీ నోటు రాశారు. వడ్డీ పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడం కూడా మా ధర్మంలో కూడదు. తెలిసే దిగాం. అవసరం అలాంటిది. దిగినచోటి నుంచి మళ్ళీ ఎక్కే దారి చూపించమని ఐదు పూటలా అల్లాహ్‌ని అడుగుతూనే ఉండేదాన్ని.

నేను బడి గడప ఎక్కలేదు. మా నాన్న సాయంత్రాలు కూర్చోబెట్టి ఇంట్లోనే చదువు చెప్పారు. అక్షరాలు పలక మీద నేర్పారు, లెక్కలు దూది మీద నేర్పారు. గుడ్డ గజాల్లో, దూది కిలోల్లో, కూలి రూపాయల్లో ఉంటే ఈ మూడూ కలిపి పరుపు ధర కట్టమనేవారు. తప్పితే కోప్పడేవారు కాదు, "ఈ పరుపు అమ్మితే మనం పస్తుండాలమ్మా" అని నవ్వేవారు. ఆ చదువే నన్ను కాపాడింది. ఇంటి జమాఖర్చు పెళ్ళయిన మొదటి ఏడు నుంచీ నా చేతిలోనే ఉండేది, మా ఆయన అందుకు ఏనాడూ చిన్నతనం అనుకోలేదు. ఈ రెండింటికీ నేను రుణపడే ఉంటాను.

ఆ ఏడు వైశాఖంలో పెళ్ళిళ్ళు ఎక్కువ. కంపెనీ పరుపులు ఎన్నొచ్చినా, పెళ్ళికూతురికిచ్చే సారెలో దూది పరుపే ఉండాలనేవాళ్ళు ఇంకా ఉండేవారు. చేతికి డబ్బు రాగానే మూడు నెలల ఇంటి వాయిదాలకు సరిపడా తీసుకెళ్ళి బ్యాంకులో మా సేవింగ్స్ ఖాతాలో వేయించాను. ఇంట్లో ఉంటే ఖర్చయిపోతుందని నా భయం. ఆ రోజు చాలా తేలిగ్గా నిద్ర పట్టింది. తీరా చూస్తే వాయిదా జమ కాలేదు, ఖాతాలో డబ్బూ లేదు. కొట్టు అప్పు కూడా ఆ బ్రాంచిలోనే కదా, అది పేరుకుపోయి ఉంది. దాని కింద మొత్తం జమ వేసేసుకున్నారు. ఇంటికోసం దాచిన సొమ్ము మిషను బాకీలోకి పోయింది, ఇంటికి నోటీసు వచ్చింది.

మేనేజరు గారిని కలవడానికి నేనే వెళ్ళాను. మా ఆయన బయట సైకిలు దగ్గర నిలబడిపోయారు. మేనేజరు మంచివాడే. కంప్యూటరు వైపు చూపించి, రూలు అంతేనమ్మా అన్నాడు. నేను లేవలేదు. అలా కూర్చునే ఉంటే కాసేపటికి ఆయనే గొంతు తగ్గించి చెప్పాడు.

"నేను చెప్పానని ఎక్కడా అనకండమ్మా. ఇంటి వాయిదా డబ్బు మా దగ్గర దాచొద్దు. మీరు ఒక్క రూపాయి కూడా బాకీ లేని బ్యాంకు చూసుకుని అక్కడ ఖాతా తెరవండి. అక్కడి చెక్కు తెచ్చి ఇంటి అప్పు నంబరు రాసి ఇవ్వండి. అప్పుడు ఎవడూ పక్కకు తిప్పలేడు."

వాయిదాలు తగ్గించి గడువు పెంచమని అర్జీ ఇస్తే పై ఆఫీసుకు పంపిస్తాననీ చెప్పాడు. కానీ ఈలోగా ఇంటి మీద ఇంకెవరైనా కోర్టుకెక్కితే ఆ అర్జీ ముందుకు నడవదని ఒక మాట గట్టిగా అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది రేపల్లె పెద్దాయనే.

బయట మా ఆయన అంతకంటే పెద్ద ఆలోచనలో ఉన్నారు. బజారులో ఎవరో ఐపీ పెట్టమన్నారట. మా జిల్లాలో ఐపీ అంటే చిన్నపిల్లలకూ తెలుసు. నా దగ్గర ఏమీ లేదు, అప్పులు తీర్చలేను అని కోర్టులో చేతులెత్తేయడం. అప్పులవాళ్ళందరికీ ఒకేసారి తలుపు మూసుకుంటుంది, ఉన్న ఇల్లు కూడా అందులో పోతుంది. ఎలాగూ పోయేదే కదా అని ఆయన. అప్పటికే బట్టల కొట్టు ముందు నుంచి రావడం మానేసి చుట్టు తిరిగి వస్తున్నారు.

ఆ మాట ఎవరి నోటనో విని, ఆ ఆదివారం వదిన బాపట్ల నుంచి పిలవకుండానే దిగింది. సంచి ఇంకా భుజం మీద ఉండగానే మొదలుపెట్టింది.

"ఒరేయ్, ఇంట్లో దిగేటప్పుడు నాలుగుసార్లు ఫోన్ చేసి రమ్మన్నావు. మునిగేటప్పుడు చెప్పబుద్ధి కాలేదేంటి?"

మా ఆయన తలొంచుకుని, నీ బంగారం గురించి నాకు దిగులుగా ఉందక్కా అన్నారు.

"దానికేంటి? మా ఇంట్లో ఉన్నా బీరువాలోనే ఉండేది. ఇప్పుడు బ్యాంకు బీరువాలో ఉంది. దొంగల భయం కూడా లేదు." ఆ వెంటనే నవ్వకుండా అంది. "ఐపీ అన్నమాట మాత్రం ఇంకోసారి నీ నోట రాకూడదు. వస్తే నేనే అందరికంటే ముందు వచ్చి నీ కొట్టు ముందు కూర్చుంటా."

ఏడాదికోసారి ఆ బంగారం మీద వడ్డీ కట్టి తిరగరాయిస్తే చాలని, అసలు అందరికీ తీరాక చూసుకుందామని తేల్చేసింది. అంత పెద్ద మాట అని, వెంటనే వంటింట్లోకి పోయి పప్పులో చింతపండు ఎక్కువైందని నన్ను సాధించింది. అలాంటి ఆడపడుచునిచ్చినందుకు దేవుడికి నుదురు నేలకానించి ఎన్ని సజ్దాలు చేసినా తక్కువే.

మర్నాటి నుంచి నేను లెక్క కట్టడం మొదలుపెట్టాను. ముందు రాబడి చూశాను. కొత్త పరుపులు అమ్ముడుపోకపోయినా ఊళ్ళో పాత పరుపులు లేని ఇల్లు లేదు. గడ్డకట్టిన దూది విప్పి, ఏకి, మళ్ళీ కుట్టిస్తే పక్కకు తిరిగి పడుకోవచ్చు కదా. ఇంటింటికీ వెళ్ళి పరుపులు తెచ్చి, అదే మిషను మీద ఏకి, సాయంత్రానికి ఇచ్చేస్తామని చెప్పమన్నాను. అప్పటికప్పుడు కూలి చేతికొస్తుంది. ఇంకోటి చెప్పడానికి నాకే కష్టమైంది. పెళ్ళి పరుపుకు ముందుగా బయానా అడగకపోవడం మా ఆయన ఇంటి ఆచారం. ఆడపిల్ల కోసం కుట్టే పరుపును బేరం పెట్టకూడదని, పెళ్ళయ్యాక వాళ్ళెంత ఇస్తే అంత పుచ్చుకోవాలని మా మామగారు అనేవారట. గౌరవమైన ఆచారమే. కానీ వాళ్ళిచ్చేలోపు మా వాయిదా తేదీ దాటిపోయేది. బేరం వద్దు, దూది ఖర్చు వరకు ముందడుగుదాం అన్నాను. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు చెరుకుపల్లి నుంచి వచ్చిన పెళ్ళివారిని అడిగేశారు. వాళ్ళు మారుమాట లేకుండా ఇచ్చి, ఇంకో రెండు దిండ్లు చెప్పి వెళ్ళారు.

తర్వాత ఖర్చు వరస చూశాను. చేతికొచ్చిన దాంట్లో తిండికి కొంత తీసి, మొదట ఇంటి వాయిదా. ఆ తర్వాతే మిగతా ఎవరైనా. మిగిలినదాన్ని కొట్టు అప్పుకు, బట్టల బాకీకి, రేపల్లె నోటుకు వాళ్ళ వాళ్ళ అప్పును బట్టి పంచడం. అప్పటిదాకా మేం చేసింది, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకు ముందు ఇవ్వడం. దానివల్ల అందరూ అరవడం నేర్చుకున్నారు.

కొత్త బ్యాంకులో ఖాతా తెరవాలంటే ఆ రోజుల్లో పాత ఖాతాదారు ఎవరైనా పరిచయ సంతకం పెట్టాలి. ఆ బ్యాంకులో ఖాతా ఉన్నవాళ్ళలో మాకు తెలిసింది ఒక్కరే. మేం బాకీ ఉన్న బట్టల వ్యాపారి. మా ఆయన ససేమిరా రానంటే నేను ముందు నడిచాను, ఆయన వెనకే వచ్చారు. కొట్టులో నలుగురి ముందు మా లెక్కంతా చెప్పాను. నెలకు ఇంత ఇస్తాం, అరువు ఇక వద్దు, గుడ్డ రొక్కానికే కొంటాం, ఇదిగో ఈ ఫారం మీద సంతకం కావాలి అని. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని ఫారం అటూ ఇటూ తిప్పాడు.

"ఇన్నేళ్ళ వ్యాపారంలో అప్పున్నవాళ్ళు నా దగ్గర చాలా అడిగారమ్మాయ్, సంతకం ఎవరూ అడగలా," అన్నాడు. "సరే, నా డబ్బు నాకు రావాలంటే నేనే సాక్షిగా ఉండాలన్నమాట. ఎక్కడ పెట్టాలి?"

పెట్టాడు. ఆ రోజు నుంచి మా ఆయన మళ్ళీ ఆ కొట్టు ముందు నుంచే రావడం మొదలుపెట్టారు. కొత్త ఖాతాలో ఆరు నెలలకోసారి పడే వడ్డీని మేం ముట్టుకోలేదు. లెక్క చూసి తీసి, పుణ్యం ఆశించకుండా, ఆస్పత్రి దగ్గర అవసరమున్నవాళ్ళకు ఇచ్చేసేదాన్ని.

ఇక రేపల్లె. అసలు పరీక్ష అక్కడే.

ప్రాంసరీ నోటు రాసి మూడేళ్ళు దాటితే మావైపు నోటు మురిగిపోయిందంటారు. అంటే కోర్టులో ఇక చెల్లదు. అప్పిచ్చినవాళ్ళు ఆ లోపే దావా వేస్తారు. లేదా అప్పు తీసుకున్నవాడి చేత ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించుకుంటారు. ఇంత ముట్టింది అని తేదీ వేసి అతను సంతకం పెడితే మూడేళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతాయి. మా నోటుకు నెల పైచిలుకు గడువుంది. ఏడాది మొదట్లో దావా వేస్తానని కబురు పంపిన పెద్దాయన ఆ తర్వాత కంటి ఆపరేషను చేయించుకుని ఇల్లు కదలడం లేదు. నోటు సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

బజారులో అందరిదీ ఒకటే మాట. అటువైపు వెళ్ళకండి, ఫోన్ చేసినా ఎత్తకండి, నెల ఓర్చుకుంటే ఆ అప్పు గాలిలో కలిసిపోతుంది, మీ ఇల్లు మీకు దక్కుతుంది. మా ఆయన ఆ మాట ఇంటికి తెచ్చారు. తేవడం వరకే తెచ్చారు, నా మొహం చూడలేదు. ఆయనను తప్పుపట్టను. వెళ్ళి చెల్లు రాస్తే, పెద్దాయన ఆ నోటుతోనే కోర్టుకెళ్ళి ఇంటిని జప్తు చేయించవచ్చు. బ్యాంకులో అర్జీ అక్కడితో ఆగిపోతుంది. వెళ్ళకపోతే ఏ గొడవా లేదు.

నాకు మా నాన్న జనాజా గుర్తొచ్చింది. మాలో ఒక పద్ధతి ఉంది. శవాన్ని నమాజుకు ఎత్తేముందు ఇంటివాళ్ళలో ఒకరు నిలబడి, ఈయన ఎవరికైనా బాకీ ఉంటే మాకు చెప్పండి, మేం తీరుస్తాం అని అందరి ముందు అడుగుతారు. మా చిన్నాన్న అడిగినప్పుడు నేను తలుపు వెనక ఉన్నాను. ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం మా నాన్న సంపాదించిన ఆస్తి అనిపించింది.

ఆ సంగతే మా ఆయనతో అన్నాను. "రేపు మన జనాజా దగ్గర ఇలాగే లేచి అడిగితే, రేపల్లె వాళ్ళు ఏం చెప్తారు? నోటు మురిగిపోయిందని చెప్తారా?"

"ఇల్లు పోతే?" అన్నారు ఆయన.

"అద్దె ఇంట్లో పరుపులు కుట్టలేమా? కానీ పోదు. మనం అడిగేది ఎగ్గొట్టడానికి కాదు కదా, కట్టడానికి గడువు."

ఆ ధైర్యం నాకెక్కడిదంటే, లెక్క నేను కట్టాను కాబట్టి. ఆ లెక్క నిలుస్తుందని నాకు తెలుసు. మిగతాది పైవాడి మీద వేశాను.

శుక్రవారం జుమా నమాజు కాగానే రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. మొదటి వాయిదా పట్టుకుని వెళ్ళాం, పెద్ద మొత్తమేం కాదు. పెద్దాయన వరండాలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పడక కుర్చీలో ఉన్నాడు. గొంతు గుర్తుపట్టి, ఏంట్రా దారి తప్పావు అన్నాడు. మా ఆయన నోటు తెప్పించమన్నారు. పెద్దాయన భార్య లోపలి నుంచి తెచ్చి, మాకు మంచినీళ్ళిచ్చి అక్కడే నిలబడింది. ఆయనకు చూపు ఆనడం లేదు. తేదీ చదవమంటే మా ఆయనే చదివారు. ఉన్న తేదీ ఉన్నట్టే చదివారు.

పెద్దాయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు.

"ఇంకో నెల నువ్వు రాకపోతే ఇది చిత్తుకాగితం. తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చాం బాబాయ్ గారు."

మెచ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన వడ్డీ వ్యాపారి, మెచ్చుకోలేదు. అయితే ఈ మూడేళ్ళ వడ్డీ మొత్తం కట్టు, ఇదేంటి ఈ చిల్లర అన్నాడు. నేను కలగజేసుకుని మా లెక్క చెప్పాను. ఇంటికి ఎంత పోతుంది, కొట్టుకు ఎంత, బట్టలకు ఎంత, ఆయన వంతుకు నెలకు ఎంత వస్తుంది, వడ్డీ ఇవాళ్టితో ఆపితే ఎన్నాళ్ళకు తీరుతుంది. ఆపకపోతే ఎప్పటికీ తీరదని కూడా చెప్పాను. కోర్టుకెళితే బ్యాంకు తనఖా ముందుంది, ఇల్లు అమ్మినా ఆయన దాకా రావడం అనుమానమేనని మాత్రం మెల్లిగా అన్నాను. ఆయన వినీ వినట్టు వీధివైపు తిరిగాడు. డబ్బు మా ఆయన చేతిలోనే ఉంది, తీసుకోలేదు.

అప్పుడు ఆవిడ అంది. "ఇవాళ శుక్రవారమండి. గుమ్మంలోకి వచ్చిన లక్ష్మిని వెనక్కి పంపిస్తారా? దీపాలవేళ కూడా అవుతోంది."

పెద్దాయన చిరాకుపడ్డాడు. "నీకు వారాలే కనపడతాయి, వడ్డీ కనపడదు," అన్నాడు. కానీ చెయ్యి చాపాడు.

మా ఆయన నోటు వెనక చెల్లు రాసి, తేదీ వేసి సంతకం పెట్టారు. పెద్దాయన షరతులు చెప్పాడు. వడ్డీ ఇవాళ్టితో ఆగుతుంది, వెనకటి వడ్డీలో సగం వదులుతాడు. డబ్బు ప్రతి నెలా శుక్రవారమే రావాలి, పంపించడం కుదరదు, మనిషి రావాలి. వరసగా రెండుసార్లు తప్పితే మూడోసారి ప్లీడరే మాట్లాడతాడు. మాకింకేం కావాలి? మాకూ శుక్రవారం మంచిదే, వాళ్ళకూ మంచిదే. వచ్చేటప్పుడు రైల్లో మా ఆయన, సగం వడ్డీ ఆవిడ పుణ్యమేనే అన్నారు. నేనూ అదే అనుకుంటున్నాను. ఆవిడ ఏ దేవుడికి మొక్కినా, ఆ సాయంత్రం నా దేవుడే ఆవిడ నోట మాట పలికించాడు.

ఇంటి మీద ఎవరూ కోర్టుకెక్కలేదు. బ్యాంకు అర్జీ మంజూరైంది. గడువు పెరిగి వాయిదా తగ్గింది, వేలం మాట ఆగిపోయింది. అక్కడి నుంచి మూడేళ్ళ పైనే మా నెల ఒకేలా నడిచింది. మొదటి వారంలో నేను కొత్త బ్యాంకు చెక్కు రాసి ఇంటి అప్పు నంబరు వేసి ఇచ్చి వచ్చేదాన్ని. శుక్రవారం మా ఆయన రేపల్లె వెళ్ళేవారు. వానాకాలంలో పాత పరుపులు ఎవరూ విప్పించరు కాబట్టి ఆ నెలల కోసం వేసవిలోనే కొంత పక్కన పెట్టేదాన్ని. ఒకే ఒక్కసారి, మా ఆయనకు జ్వరం వచ్చినప్పుడు, రేపల్లెకు నేనే వెళ్ళాను. ఆవిడ నాకు కాఫీ ఇచ్చి, ఆయన విననంత మెల్లిగా, మీ ఇంట్లో పరుపు ఎంతకు కుడతారు అని అడిగింది. ఏకి కుట్టి పంపించాం, డబ్బు తీసుకోమని ఆవిడ పట్టుపడితే తీసుకుని, ఆ నెల చెల్లులో వేశాం.

రెండు వేల తొమ్మిదో సంవత్సరం చివర రేపల్లె నోటు తీరింది. బట్టల బాకీ అంతకుముందే తీరిపోయింది. కొన్ని నెలల తేడాలో కొట్టు అప్పు కూడా మూసేశాం. ఆ తర్వాత వదిన బంగారం విడిపించి బాపట్ల తీసుకెళ్ళి ఇస్తే, గొలుసు చూసి, బ్యాంకులో ఉండి నల్లబడిందే అని మా ఆయనను ఆటపట్టించి, మెళ్ళో వేసుకుని కళ్ళు తుడుచుకుంది.

కొట్టు అప్పు మూసిన రోజు బ్యాంకులో కొత్త మేనేజరు ఉన్నాడు. మా కాగితాలన్నీ తిరగేసి, ఇప్పుడు మీకు ఇంటి అప్పొక్కటే మిగిలిందండి, ఇంకో బ్యాంకు చెక్కులెందుకు, మన దగ్గరే ఖాతాలో వేసుకోండి, వాయిదా దానంతటదే పోతుంది అన్నాడు.

మా ఆయన నా వైపు చూశారు. ఈసారి ఆయన బయట సైకిలు దగ్గర లేరు, నా పక్క కుర్చీలోనే ఉన్నారు.

"చెక్కే ఇస్తామండి," అన్నాను. "మిగిలిన వాయిదాలు కూడా నా చేత్తోనే రాసుకుంటాను."

ఆ నెల చెక్కు అక్కడే రాసి ఇచ్చి, రసీదు తీసుకుని లేచాం.